బ్రేకు సాయిబు

కర్నూలు చరిత్ర అంటే నవాబులు. కడప చరిత్ర అన్నా నవాబులే. పుస్తకాల్లో ముస్లిం కనపడేది గుర్రమ్మీదే. అందుకే ఇప్పటికీ మమ్మల్ని చూసి ‘మీకేమప్పా, ఏలినోళ్ళు’ అనేవాళ్ళున్నారు. రిజర్వేషన్ల మాట వచ్చిన రోజు ఈ మాట మరీ గట్టిగా వినపడుతుంది. మా తాత ఏలలేదు, ఏకాడు. భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి, పరుపుల్లో గడ్డకట్టిన పాత దూదిని మళ్ళీ పొంగించి ఇచ్చాడు. ఆయన కొడుకుల్లో ఒకడు, మా చిన్నాయన, కర్నూల్లో మోటారు షెడ్డు పెట్టాడు. దూదేకుల ఇంటి నుంచి బ్రేకు పనికి నడిచిన ఈ దారి మా ఒక్క ఇంటిది కాదు. ఈ రెండు జిల్లాల్లో వేల ఇళ్ళది. దానికి చరిత్ర ఉంది. రాసుకోలేదంతే.

నవాబుల దగ్గర నుంచే మొదలుపెడదాం. 1839లో ఈస్టిండియా కంపెనీ సైన్యం కర్నూలు మీదికి వచ్చింది. నవాబు గులాం రసూల్ ఖాన్ దొంగతనంగా ఆయుధాలు కూడబెడుతున్నాడని అభియోగం. వెతికితే ఫిరంగులు, మందుగుండు దొరికాయి. ఫిరంగులు పోతపోసే కొలుములూ దొరికాయి. నవాబును పట్టుకుని తిరుచిరాపల్లి పంపారు. 1840లో అక్కడే ఆయన కత్తిపోటుకు చచ్చిపోయాడు. చరిత్ర ఇంతవరకూ చెప్తుంది. ఆ కొలుముల దగ్గర తిత్తులు ఊదినవాళ్ళు, అచ్చు కట్టినవాళ్ళు, కంచు కరిగించినవాళ్ళు ఎవరు? నవాబు పోయాక వాళ్ళు ఏం తిని బతికారు? ఆ ప్రశ్న వేసినవాడు లేడు. రాజ్యం పోయినవాడి పేరు నిలిచింది, పని పోయినవాడి పేరు నిలవలేదు.

పేర్లు దొరక్కపోయినా పనుల జాబితా దొరుకుతుంది. అదీ ప్రభుత్వ కాగితాల్లోనే. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అని మమ్మల్ని 1970లో వెనకబడిన కులాల బి గ్రూపులో వేశారు. 2007లో ముస్లింలలోని వెనకబడిన వర్గాలకు నాలుగు శాతం రిజర్వేషన్ ఇస్తూ చేసిన చట్టంలో ఇంకా చాలా పేర్లున్నాయి. అత్తరు సాయిబులు, గారడీ సాయిబులు, ఫకీర్లు, హజాం. ఆ వరసలోనే తురక కాశ, కక్కు కొట్టే జింక సాయిబులు, రోళ్ళకు కక్కు కొట్టేవారు అని ఉంటుంది. ఈ చివరి పేరు దగ్గర కాసేపు ఆగండి. తిరగలి తిప్పీ తిప్పీ నున్నగా అయిపోతే గింజ నలగదు. అప్పుడు ఉలీ సుత్తీ పట్టుకుని వచ్చి దాని మొహం మీద మళ్ళీ గంట్లు పెట్టేవాడు సాయిబు. కొత్త తిరగలి చెయ్యడం వేరేవాళ్ళ పని. అరిగిన తిరగలికి పదును పెట్టడం వీళ్ళ పని.

కళాయి సాయిబును చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. వీధి మొదట్లో గుంత తవ్వి, తిత్తి అమర్చి, బొగ్గులు రాజేసేవాడు. రాగి గిన్నెనో ఇత్తడి బిందెనో ఇసుకతో తోమి, నిప్పుల మీద కాచి, నవాసాగరం చల్లి, తగరం రుద్ది, గుప్పెడు దూదితో లోపలంతా ఒక్క తిప్పు తిప్పేవాడు. గిన్నె వెండిలా మెరిసేది. మెరుపు కోసం చేసే పని కాదది. పూత పోయిన రాగి గిన్నెలో చింతపండు పులుసు కాస్తే చిలుము దిగి మనుషులు జబ్బు పడతారు. ఇంటిల్లిపాది కడుపు ఆ పూత మీద ఆధారపడి ఉండేది.

దూది ఏకేవాడు, కక్కు కొట్టేవాడు, కళాయి పోసేవాడు. ముగ్గురూ కొత్త వస్తువు తయారుచెయ్యరు. మీ ఇంట్లో వాడి వాడి పాడైనదాన్ని మళ్ళీ పనికొచ్చేలా చేసి, మీ ఇంటికే ఇచ్చి, గింజలో డబ్బులో తీసుకుని పోతారు. భూమి లేనివాడికి మిగిలిన బతుకు అది. కరువు సీమలో అది బాగా అక్కరకొచ్చిన పని కూడా. కొత్తది కొనే స్తోమత ఎవరికుంది?

ఆదోనిలో, నంద్యాలలో పత్తి జిన్నింగు మిల్లులు వచ్చి విల్లును మూలకు నెట్టాయి. స్టీలు గిన్నెలు వచ్చి కళాయి కొలిమిని ఆర్పేశాయి. పిండి మర వచ్చి తిరగలిని అటక ఎక్కించింది. అప్పటికి రోడ్ల మీదికి మోటారు వచ్చింది. చదువు లేదు, సర్టిఫికెట్ లేదు. మోటారు షెడ్డు సర్టిఫికెట్ అడగలేదు. పదేళ్ళ పిల్లవాణ్ణి తీసుకొచ్చి ఉస్తాద్ చేతికి అప్పజెప్పితే చాలు. ‘ఎముకలు మావి, తోలు నీది’ అని చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు. మొదటి రెండేళ్ళు టీ తేవడం, పానాలు అందించడం, కిర్సనాయిల్‌లో నట్లు కడగడం. జీతం లేదు, దెబ్బలున్నాయి. దీన్ని గొప్ప గురుకులంలా పొగిడేవాళ్ళతో నాకు పేచీ ఉంది. అది బడికి పోవలసిన పిల్లల చరిత్ర కూడా.

1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. మూడేళ్ళు తిరిగేసరికి ఆ హోదా హైదరాబాదుకు పోయింది. హోదా పోయినా రోడ్డు పోలేదు. హైదరాబాదు బెంగుళూరు రహదారి, ఒకప్పటి ఏడో నంబరు, ఇప్పటి నలభై నాలుగు, కర్నూలు మీదుగానే పోవాలి. కర్నూలు నుంచి నంద్యాల, కడపల మీదుగా చిత్తూరుకు ఇంకొకటి. అదే 1953 జూన్‌లో ఫ్రాన్స్‌లోని ల మాన్ పందెంలో డిస్క్ బ్రేకులున్న జాగ్వార్ కారు గెలిచింది. డిస్క్ బ్రేకు ఆలోచన పాతదే. బర్మింగ్‌హామ్‌లో లాంచెస్టర్ అనే ఇంజనీరు 1902లోనే పేటెంటు తీసుకున్నాడు. కానీ లోకం దాన్ని నమ్మింది ఆ పందెం తరవాతే. మన దగ్గరికి రావడానికి ఇంకో ముప్పై ఏళ్ళు పట్టింది.

ఈ ముప్పై ఏళ్ళూ మన రోడ్ల మీద డ్రమ్ము బ్రేకులదే రాజ్యం. అంబాసిడర్, ఫియట్, జీపు. చక్రంతో పాటు తిరిగే డ్రమ్ము లోపల రెండు షూలు. పెడల్ తొక్కితే నూనె ఒత్తిడికి వీల్ సిలిండర్లో పిస్టన్లు కదిలి షూలను డ్రమ్ముకు అదుముతాయి. మద్రాసు దగ్గర పాడిలో బ్రేక్స్ ఇండియా 1962లో మొదలైంది. అయినా ఒక చిన్న ఊళ్ళో టాక్సీ తోలుకునేవాడికి కొత్త సిలిండర్ కొనడం మాటలు కాదు. కాబట్టి పాతదాన్నే విప్పి, లోపలి గోడను నునుపు చేసి, కప్పులు మార్చి, గోడ మరీ గుంతలు పడితే లేత్ మీద పెట్టించి, స్లీవు దిగ్గొట్టి మళ్ళీ బిగించేవాళ్ళు. షూ మీది లైనరు అరిగితే రివిట్లు తీసి కొత్త లైనరు కొట్టేవాళ్ళు. తిరగలికి కక్కు కొట్టినట్టే. అక్కడ రాయికీ గింజకీ మధ్య రాపిడి కావాలి, ఇక్కడ లైనరుకూ డ్రమ్ముకూ మధ్య కావాలి.

ఆ రోజుల బ్రేకు నూనెలో ఆముదం ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఆముదంలో ఆల్కహాల్ కలిపి వాడేవాళ్ళు, ప్రపంచమంతటా. మా మెట్ట చేలల్లో పండే ఆముదం. ఆ లైనర్లలో ఉండేది రాతినార. ఆస్‌బెస్టాస్. అది కూడా మా కడప నేలలో ఉంది. పులివెందుల, లింగాల వైపు గనుల్లో తవ్వారు. ఊపిరితిత్తుల్లోకి పోతే పదుల ఏళ్ళ తరవాత చంపే దుమ్ము అది. 1986లో కేంద్ర ప్రభుత్వం కొత్త గనుల లీజులు ఆపింది. మరి డ్రమ్ము విప్పగానే మొహం అడ్డం పెట్టి ‘ఫూ’ అని నోటితో ఊదిన మెకానిక్కుల మాటేమిటి? వాళ్ళెవరికీ ఎవరూ ఏమీ చెప్పలేదు. దగ్గుతూ పోయిన ఉస్తాదులు ఎంతమందో. బీడీల వల్లే పోయారన్నారు. గనిలో పనిచేసినవాడికి కనీసం ఒక హాజరు పట్టీ ఉంటుంది. షెడ్డులో పనిచేసినవాడికి అదీ లేదు.

1983 డిసెంబరులో మారుతి వచ్చింది. ఆ తరవాతి ఏళ్ళలో వచ్చిన కార్లలో ముందు చక్రాలకు డిస్కు, వెనక చక్రాలకు డ్రమ్ము అన్నది మామూలైపోయింది. డిస్కుతో పాటు క్యాలిపర్ వచ్చింది. చక్రంతో తిరిగే ఇనప పళ్ళేన్ని రెండు పక్కలా ప్యాడ్లతో పట్టుకునే గట్టి పిడికిలి అది. పాత ఉస్తాదులు మొదట దాన్ని చూసి పెదవి విరిచారు. చూస్తే ఏముంది? ఒక పోత ఇనుము దిమ్మ, ఒక పిస్టన్, ఒక రబ్బరు రింగు, జారడానికి రెండు పిన్నులు. కానీ అసలు కథ ఆ రబ్బరు రింగులో ఉంది.

వీల్ సిలిండర్లో రబ్బరు కప్పు పిస్టన్‌తో పాటు గోడ వెంట జారుతుంది. కాబట్టి గోడ నునుపుగా ఉండాలి. క్యాలిపర్‌లో రబ్బరు సీలు గోడలో కోసిన గాడిలో కూర్చునే ఉంటుంది, దాని మధ్యలోంచి పిస్టన్ జారుతుంది. కాబట్టి పిస్టన్ ఒళ్ళు నునుపుగా ఉండాలి. పెడల్ తొక్కినప్పుడు పలక అంచులున్న ఆ సీలు పిస్టన్‌తో పాటు కొంచెం మెలిపడుతుంది. పెడల్ వదిలితే తిరిగి తన రూపానికి వస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. స్ప్రింగు లేదు, ఇంకో యంత్రం లేదు. ఆ వెంట్రుకవాసే ప్యాడును డిస్కు నుంచి విడిపిస్తుంది. సీలు గట్టిపడినా, ఉబ్బినా, పిస్టన్‌కు తుప్పు పట్టినా ప్యాడు డిస్కును వదలదు. బండి బరువుగా పోతుంది, చక్రం కాలిపోతుంది, పెట్రోలు తాగుతుంది. పిన్నులు పట్టేస్తే ఒక ప్యాడే అరిగి, బ్రేకు కొట్టినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

పాత క్యాలిపర్‌ను మళ్ళీ నిలబెట్టే పని ఇలా సాగుతుంది. ముందు ప్యాడ్లు తీసి, మధ్యలో చెక్క ముక్క పెట్టి, గాలి గొట్టంతో పిస్టన్‌ను బయటికి నెడతారు. వేళ్ళు అక్కడ ఉండకూడదు. ఆ గాలికి పిస్టన్ బుల్లెట్‌లా వస్తుంది. తెలిసినవాడు అసలు క్యాలిపర్ విప్పకముందే పెడల్‌ను మెల్లగా తొక్కించి నూనె ఒత్తిడితోనే పిస్టన్‌ను బయటికి తెస్తాడు. తరవాత సీలును చెక్క పుల్లతో తీస్తారు. ఇనప పుల్ల వాడితే గాడి గీసుకుంటుంది. గాడిలో పేరుకున్న తుప్పును గీకి, కడుగుతారు. దేంతో కడుగుతారన్న చోటే పనివాడెవరో, కాలక్షేపం మనిషెవరో తెలిసిపోతుంది. షెడ్డులో అన్నిటికీ కిర్సనాయిలూ పెట్రోలే. కానీ బ్రేకు రబ్బరుకు అవి తగిలితే సీలు ఉబ్బిపోతుంది. కాబట్టి స్పిరిటు, లేదంటే బ్రేక్ ఆయిల్. ఇంకేదీ ముట్టకూడదు. పిస్టన్‌ను వెలుతురులో తిప్పి చూస్తారు. మీది క్రోము పూత లేచి, సీలు ఆనే చోట గుంతలు పడి ఉంటే దాన్ని పారెయ్యాలి. ఉప్పుకాగితంతో రుద్ది సరిపెట్టేవాళ్ళున్నారు. మా చిన్నాయన దాన్ని హరామ్ పని అంటాడు. కొత్త పిస్టన్ దొరికితే సరే, దొరక్కపోతే పాత సామాన్ల అంగట్లో అదే రకం క్యాలిపర్లు నాలుగు విప్పి, నాలుగింట్లోంచి ఒక మంచి పిస్టన్ ఏరతారు. కొత్త సీలును బ్రేక్ ఆయిల్‌లో తడిపి, వేళ్ళతోనే గాడిలో కూర్చోబెట్టి, పిస్టన్‌ను బొటనవేళ్ళతో నిటారుగా అదుముతారు. సుత్తి ముట్టరు. ఆఖరున నిపుల్ వదిలి, దూరపు చక్రం నుంచి మొదలుపెట్టి గాలి తీస్తారు. నూనె నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. గొట్టంలో గాలి బుడగ మిగిలితే పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది.

బయటి తుప్పును తీగ బ్రష్షుతో తోమి, జారే చోట్లకు, పిస్టన్‌కు, రబ్బరుకు అంటకుండా వెండి రంగో నల్ల రంగో కొడతారు. కొందరు పట్నం పంపి జింకు పూత వేయిస్తారు. కళాయి సాయిబు మనవడు కదా, మెరిపించడం తెలుసు. కానీ రాగి గిన్నెకు కళాయి లోపల ఉండేది, తినేవాడి ప్రాణానికి. క్యాలిపర్ మీద రంగు చూసేవాడి కళ్ళకు. బేరం ఆడేవాడు ఆ రంగును చూసే డబ్బులిస్తాడు, సీలును చూసి కాదు. రంగు మాత్రమే కొట్టి ‘రీబిల్ట్’ అని అమ్మేవాళ్ళకు అదే అదను. అలాంటివాళ్ళు అన్ని మతాల్లో ఉన్నారు. దొరికిపోయినప్పుడు మాత్రం సాయిబుకే మతం ఉంటుంది.

ఈ పనిలో సీమ ఎండకూ వాటా ఉంది. ఎండకు రబ్బరు మూతలు పగులుతాయి. బేతంచెర్ల వైపు నాపరాతి దుమ్ము ఆ పగుళ్ళలోంచి లోపలికి పోయి పిస్టన్‌ను గీస్తుంది. విచిత్రం ఏమంటే, వాన కోసం మొక్కే ఈ నేలలో కూడా బ్రేక్ ఆయిల్ గాలిలోంచి తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. డాట్ 3 రకం నూనె కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక అది 140 డిగ్రీలకే మరిగే స్థితికి రావచ్చు. కడప నుంచి రాయచోటికి పోయే గువ్వలచెరువు ఘాటు దిగుతూ బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచండి. క్యాలిపర్ కాగుతుంది, నూనె మరిగి ఆవిరవుతుంది, కాలి కింద పెడల్ ఖాళీగా దిగిపోతుంది. కోవా కోసం గువ్వలచెరువులో ఆగేవాళ్ళకు తెలియదు గానీ, ఆ ఆగడం బ్రేకులకు కూడా మంచిదే. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పాతబస్తీ మునిగినప్పుడు ఇళ్ళతో పాటు బండ్లూ మునిగాయి. బురద నీళ్ళలో నిలిచిన బండి క్యాలిపర్ రాయిలా పట్టేస్తుంది. బాగుచెయ్యవలసిన షెడ్లలోని పానాలు కూడా అదే బురదలో ఉన్నాయి. ముందు తన ఇల్లు కడుక్కోవాలా, ఊరి బండ్లు కడగాలా?

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న మాట. బ్రేకు అన్నది ప్రాణం అప్పజెప్పే పని. ‘ఏం సాయిబూ, బ్రేకు బాగ పడుతుందా? పిల్లోళ్ళను ఎక్కించుకుని తిరపతికి పోతాండాం’ అని అడిగి, ‘పోయి రాన్నా, నాదీ పూచీ’ అనిపించుకుని పోయినవాళ్ళు ఎంతమంది! కడపలో ఉగాది నాడు బీబీ నాంచారి పేరు చెప్పుకుని దేవుని కడప గుడికి పోయే ముస్లింలున్నారు. తిరుపతి కొండెక్కే కార్ల బ్రేకులు చూసి పంపే ముస్లింలూ ఉన్నారు. మొదటి సంగతి పత్రికల్లో వస్తుంది, రెండోది రాదు. అదే చిన్నాయన కర్నూల్లో అద్దె ఇల్లు వెతికినప్పుడు, ఒక పెద్దమనిషి పేరు అడిగి, ‘మా ఆడోళ్ళు ఒప్పుకోరు’ అన్నాడు. ఆయన కారు రెండేళ్ళుగా చిన్నాయన షెడ్డుకే వచ్చేది. ఆ తరవాత కూడా వచ్చింది. చిన్నాయన ఆ కారు బ్రేకులు ఎప్పటిలాగే చేశాడు. కోపం రాలేదా అంటే, ‘కోపం కోపమే, సీలు సీలే’ అన్నాడు.

మా దూదేకులోళ్ళకు ఇది ఇంకో మెలిక. ఇంట్లో తెలుగు, పేర్లు హుసేనప్ప, మస్తానమ్మ. ఉర్దూ మాట్లాడే సాయిబులు పిల్లనివ్వడానికి వెనకాడతారు, ఊళ్ళో వాళ్ళు తురకోళ్ళంటారు. కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మం గారి శిష్యుడు సిద్దయ్య మా దూదేకుల బిడ్డే. గురువుది ఇనుము, కంచు, బంగారం పనిచేసే విశ్వబ్రాహ్మణ కులం. పనివాడికి పనివాడు శిష్యుడయ్యాడు. సిద్దయ్య భక్తి గురించి ఎన్నో కథలున్నాయి, దూది ఏకిన అతని చేతుల గురించి కథ లేదు.

సచార్ కమిటీ 2006లో లెక్కలు తీసి చెప్పింది. జీతాల ఉద్యోగాల్లో ముస్లింలు తక్కువ, సొంత పనుల్లో ఎక్కువ. మోటారు మరమ్మతులూ అందులో ఉన్నాయి. ఆ లెక్క చాలామందికి ఎగతాళిగా మారింది. పంక్చర్లు వేసుకునేవాళ్ళు అన్న మాట తిట్టు అయింది. వక్ఫ్ ఆస్తులు సరిగ్గా వాడి ఉంటే ముస్లిం కుర్రాళ్ళు పంక్చర్లు వేసుకుని బతకాల్సి వచ్చేది కాదని 2025 ఏప్రిల్లో ప్రధానమంత్రే అన్నాడు. చదువు కావాలని మేమూ అంటున్నాం. కానీ ఆ మాటలో పని మీద ఉన్న చిన్నచూపు ఎక్కడిది? అమెరికాలో, యూరపులో పాత క్యాలిపర్‌ను దుకాణానికి తిరిగిస్తే డబ్బు వెనక్కి ఇస్తారు. ఫ్యాక్టరీల్లో వాటిని విప్పి, కడిగి, పూత వేసి, కొత్త సీలు వేసి, ఒత్తిడి పెట్టి పరీక్షించి, డబ్బాలో పెట్టి అమ్ముతారు. అక్కడ అది పరిశ్రమ. తెల్లకోటు వేసుకున్న ఇంజనీరు చేస్తాడు. ఇక్కడ అదే పని నూనె గుడ్డ కట్టుకున్నవాడు చేస్తే సాయిబు పని. ఒక్క తేడా మాత్రం నిజమే. అక్కడ పరీక్షించే యంత్రం ఉంది. ఇక్కడ కట్టి ఇచ్చిన బండిని మొదట తోలి చూసేవాడు మెకానిక్కే. పరీక్ష తన ఒంటి మీదే.

ఈ పనీ ఇప్పుడు తగ్గిపోతోంది. అంబాసిడర్, మారుతి 800 రెండూ 2014లో ఆగిపోయాయి. కొత్త కార్లకు కంపెనీ సర్వీసు సెంటర్లలో సీలు మార్చరు, క్యాలిపర్‌నే మారుస్తారు. అక్కడ ఉద్యోగానికి ఐటీఐ కాగితం అడుగుతారు. విల్లు పోయినప్పుడు పానా దొరికింది. పానా పోతే ఏం దొరుకుతుందో మా ఇళ్ళల్లో ఎవరికీ తెలియదు. చిన్నాయన కొడుకు ఫార్మసీ చదివాడు, షెడ్డు గడప తొక్కడు. తొక్కమని చిన్నాయన అడగలేదు.

షెడ్డులో ఇప్పుడు ఇద్దరు కుర్రాళ్ళున్నారు. ఇద్దరూ పద్దెనిమిది దాటినవాళ్ళే, పదో తరగతి అయ్యాక వచ్చినవాళ్ళే. ఒకడు మా వాడు. రెండోవాడు పత్తికొండ వైపు బోయ పిల్లోడు. సీలు కూర్చోబెట్టడంలో వాడి వేళ్ళే బాగున్నాయంటాడు చిన్నాయన. వాడు చిన్నాయనను ఉస్తాద్ అని పిలుస్తాడు, దెబ్బ తగిలితే యా అల్లా అంటాడు, శనివారం ఆంజనేయస్వామి గుడికి పోతాడు. బండి తెచ్చినవాళ్ళు వాణ్ణి కూడా ‘ఏం సాయిబూ’ అనే పిలుస్తారు. మొదట్లో వాడు తన పేరు చెప్పి సరిచేసేవాడు. ఇప్పుడు పలుకుతున్నాడు.